తెరను అవ్వ వైపు తిప్పిన రోజు

కరోనా తగ్గిన మరుసటి వేసవి. తిరుపతిలో ఒక పిల్లల ఆసుపత్రిలో నేను ఎకో తీసే డాక్టరుని. ఎకో అంటే గుండెకు తీసే స్కానింగు. ఛాతీ మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే, లోపల కొట్టుకునే గుండె తెర మీద కనబడుతుంది. సూది ఉండదు. ఆ వేసవిలో ఒక పాప నా గది దాకా రావడానికి అదొక్కటే కారణం.

నగరిలో మరమగ్గం నడిపే కుటుంబం. పాప హాసినికి నాలుగేళ్లు. వారం దాటిన జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, ఎర్రబడ్డ కళ్లు. అమ్మవారు పోసిందని ఇంట్లోనే వేపాకు మీద పడుకోబెట్టారు. దద్దుర్లు తగ్గినా జ్వరం వదలకపోయేసరికి తండ్రి భయపడి బస్సెక్కించాడు. వెంట అవ్వ కూడా వచ్చింది. మా పిల్లల డాక్టరుకు కవాసకి జబ్బని అనుమానం. అది పసిపిల్లల రక్తనాళాలను వాచేలా చేస్తుంది. గుండెకు రక్తం అందించే కరోనరీ నాళాలను పట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మందు వెంటనే నరంలోకి ఎక్కించాలి.

పరీక్షకు పాప రక్తం కూడా అవ్వ తీయనివ్వలేదు.

"తల్లి ఒంట్లో ఉండంగా సూది గుచ్చకూడదమ్మా. దిగిపోతా ఉండాది. ఇంటికి పోయి తలకు నీళ్లు పోస్తే సరిపోతాది."

"మా యమ్మ మాట దాటలేను మేడమ్," అన్నాడు తండ్రి.

అసలే నాకు ఓపిక తక్కువ. నోటిదాకా వచ్చిన మాట మింగేసి ప్రోబ్ పట్టుకున్నాను. పాప క్షణం కుదురుగా ఉండదు. ఒంటికి అంటించిన వైర్లు పీకింది, జెల్ చల్లగా ఉందని కేకలు పెట్టింది. సన్నటి నాళం దొరికినట్టే దొరికి జారిపోయింది. చివరికి అవ్వే మంచమెక్కి పాప తలను ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు కనబడింది. ఎడమ నాళం మధ్యలో ఉబ్బింది. నాకు భయమేసింది.

మామూలుగా అయితే రిపోర్టు రాసి పంపేస్తాను. ఆ వేళ తెరను అవ్వ వైపు తిప్పాను.

"ఇది నీ మనవరాలి గుండె. ఈ నాళం పొడుగునా సన్నంగా ఉండాల అవ్వా. ఈడ చూడు."

అవ్వ ముందుకు వంగింది. "నూలుపోగులో ఉండ మాదిరి ఉబ్బుండాదే!"

"అందులో రక్తం గడ్డకడితే గుండె ఆగిపోవచ్చు."

ఆమె తెర మీద ఆ ఉబ్బును వేలితో తాకింది. "తల్లి ఒంటిమీద పోస్తాది గానీ, బిడ్డ గుండెలో ఇట్ల చెయ్యదమ్మా," అంది. తర్వాత కొడుకు మీద విరుచుకుపడింది. "ఏం సూస్తా ఉండావురా? సూది ఎయ్యమని చెప్పు!"

మందు ఎక్కించాక జ్వరం దిగింది. ఉబ్బు అంత తేలిగ్గా వదల్లేదు. నెలల తరబడి మాత్రలు, మళ్లీ మళ్లీ ఎకోలు. ప్రోబ్ ఆనించిన ప్రతిసారీ నాకు స్థిమితం ఉండేది కాదు. చివరికి నాళం సర్దుకుంది.

ఎకో బొమ్మ డాక్టర్లు చూసుకోవడానికేనని అంతవరకూ అనుకునేదాన్ని. బిడ్డను ఆసుపత్రిలో ఉంచాలా, ఇంటికి తీసుకుపోవాలా అని తేల్చే మనిషి కూడా దాన్ని చూడాలని ఆ అవ్వ నేర్పింది. ఆమె మొండిది కాదు. ఆమె భయం నా భయం కంటే చిన్నదీ కాదు. ఆ తెర తిప్పకపోయి ఉంటే, ప్రేమతోనే ఆ బిడ్డను పోగొట్టుకునేది.