చిన్నదాని మేర

పరలోకంలో ఇచ్చే కిరీటాల గురించి ఎవరైనా ప్రసంగం మొదలుపెడితే నేను గుడిలోంచి లేచి బయటికి వచ్చేస్తాను. ముసలిదానికి నడుము పట్టేసిందేమో అనుకుంటారు అందరూ. నా నడుముకేం, గట్టిగానే ఉంది. ఆ మాటలు వినే ఓపికే లేదు. వాడిపోని కిరీటమట, మహిమ కిరీటమట, కుర్ర ఉపదేశి వేళ్లు మడిచి మరీ చెబుతాడు, తానే తల కొలత ఇచ్చి చేయించి వచ్చినట్టు. పాపం, ఆ అబ్బాయి మీద నాకు కోపమేమీ లేదు. మా నాయన కూడా అలాగే చెప్పేవాడు.

మా నాయన వేంపల్లెకు దగ్గర్లో ఒక పల్లెలో ఉపదేశి. పగలు మాలపేట పిల్లలకు అక్షరాలు దిద్దించడం, సాయంత్రం కూలి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు వాక్యం చెప్పడం, ఆదివారం ఆ బడి నడిచే బోదగడ్డి కొట్టంలోనే ఆరాధన నడపడం ఆయన పని. పేటలో అందరూ ఆయన్ను అయ్యోరు అనేవారు. చనిపోయాక ఏమవుతుందన్నది ఆయనకు చాలా ఇష్టమైన పాఠం. నమ్మినవాళ్లకు నరకం భయం తీరిపోయింది, అయినా ప్రతి ఒక్కరూ ప్రభువు న్యాయపీఠం ముందు నిలబడి బతికిన బతుక్కు లెక్క ఒప్పగించాల్సిందే, చేసిన పనికి తగిన ప్రతిఫలం అక్కడ దొరుకుతుంది అనేవాడు. మావాళ్లకు న్యాయపీఠమంటే ఏం తెలుసు? వాళ్లకు తెలిసింది కళ్లం. ఏడాదంతా రెడ్ల చేన్లలో ఒళ్లు వంచినవాళ్లకు, జొన్నలు తూర్పారబట్టిన తర్వాత కళ్లంలోనే కొలిచి పోసే గింజల్ని మేర అంటారు. నాయన ఆ మాటే పట్టుకున్నాడు.

"పరలోకంలోనూ కళ్లం ఉండాదప్పా," అనేవాడు. "ఆడ ప్రభువే నిలబడి మేర కొలుస్తాడు. తాలు కలిపి కొలిచే రెడ్డి గాదు ఆయన. చేసినోనికి చేసినంతా వస్తాది. ఏమీ చెయ్యనోడు లోపలికైతే వస్తాడు గానీ, ఒట్టి గోనె పట్టుకొని నిలబడల్ల."

ఒట్టి గోనె అనగానే కొట్టమంతా గొల్లుమనేది. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ కళ్లాన్ని కళ్లారా చూసినదానిలా నమ్మింది. ఎవరికైనా ఒక మంచి పని చేసి వస్తే, ఒక గింజ పడిందిలే అనుకునేది.

మేము ఇద్దరం ఆడపిల్లలం. నాకు అప్పటికి పదేళ్లు దాటాయి, చెల్లెలికి ఐదు నిండలేదు. దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, చిన్నది అంటే చాలు పలికేది. వట్టి వాగుడుకాయ. దాని నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మ బెల్లం ఎక్కడ దాచిందో నాకు చెప్పేది, నేను తిన్నానని మళ్లీ అమ్మకు చెప్పేది. ఒకసారి కడప నుంచి మిషను దొరసాని బడి పరీక్షకు వస్తే, బడిపిల్లలందరి ముందూ లేచి నిలబడి, "మా నాయన పొగాకు నముల్తాడు" అనేసింది. ఆ పొద్దు నాయన మొహం చూడాల్సింది. ఇంట్లో ఏదైనా మాట్లాడుకోవాలంటే ముందు చిన్నది ఎక్కడుందో చూసుకునేవాళ్లం.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పాపాఘ్ని ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. ఊరి బావి మెట్లు మేము దిగకూడదు. దయ పుట్టి ఎవరైనా పై నుంచి కడవలో పోస్తే పట్టుకోవాలి, ఆ ఎండల్లో అంత దయ ఎవరికి పుడుతుంది? అమ్మ తెల్లవారకముందే ఏట్లోకి పోయి, ఇసుకలో చెలమ తీసి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో తోడి కడవ నింపుకుని వచ్చేది. ఆ కడవెడు నీళ్లు ఇంట్లో బానలో పోస్తే అవే ఆ పూటకు తాగడానికీ, సంగటికీ. చిన్నదాన్ని బాన దగ్గరికి రానిచ్చేది కాదు.

ఒక మిట్టమధ్యాహ్నం అమ్మా నేనూ పొయ్యిలోకని జొన్నకొయ్యలు పెరుక్కుని చేను నుంచి వచ్చాం. నాయన పక్క పల్లెకు పోయాడు. చిన్నదాన్ని పక్కింటి అవ్వకు అప్పగించి పోయాం, ఆమె కునుకు తీస్తోంది. నాలుక పిడచగట్టుకుపోయి అమ్మ చెంబు బానలో ముంచితే అడుగు గీసుకుంది. బాన ఖాళీ. నేల కాస్త తడిగా ఉంది. చిన్నది గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఏమైనాయే నీళ్లు?"

అది గోడకు ఇంకా అతుక్కుపోయింది.

"ఒలకబోసినావా? ఆడుకున్యావా నీళ్లతో?"

తల అడ్డంగా ఊపింది.

"మరి యాడికి పోయినాయి? చెప్పు!"

"చెప్పను," అంది చిన్నది.

తెలియదు అనుంటే అమ్మ వదిలేసేదేమో. చెప్పను అనేసరికి ఒళ్లు మండిపోయింది. పొయ్యి దగ్గరున్న సంగటి తెడ్డు తీసుకుని కాళ్ల మీద కొట్టింది. చెప్తావా లేదా అని కొట్టింది. అది ఏడుస్తూ, గెంతుతూ, చెప్పను అనే అంది. నేను అడ్డం పోతే నాకూ ఒకటి తగిలింది. చివరికి అమ్మే అలిసిపోయి తెడ్డు విసిరికొట్టి, కడవ చంకన పెట్టుకుని ఆ ఎండలో మళ్లీ ఏటికి పోయింది. మామూలుగా కొట్టిన చేత్తోనే దగ్గరికి తీసుకునే మనిషి. ఆ పొద్దు నీళ్ల తొందరలో అది కుదరలేదు. పొద్దు వాలాక తిరిగొచ్చేసరికి చిన్నది నిద్రపోయింది.

ఆ వేసవి పోకముందే దానికి జ్వరం తగిలింది. కడప ఆస్పత్రికి బండి కట్టమని నాయన అడగని వాకిలి లేదు. ఎద్దులకు మేత లేదు, లేచి నిలబడే ఎద్దే లేదు, బండి ఎవరు కడతారు? చివరికి భుజాన వేసుకుని నడిచిపోదామని నాయన బయలుదేరాడు. వేంపల్లె దాటకముందే వెనక్కి తిరిగి వచ్చాడు. వస్తున్న నడక చూసే అమ్మకు అర్థమైపోయింది, ఇంటి ముందరే కూలబడిపోయింది.

పూడ్చిన మరుసటి పొద్దున అమ్మ నాయన ముందు కూర్చుంది. కళ్లలో నీళ్లు లేవు.

"ఏమయ్యా, చిన్నదానికి మేర ఇస్తారా?"

"అది ప్రభువు దగ్గరనే ఉండాది. ఆ అనుమానం పెట్టుకోవద్దు," అన్నాడు నాయన.

"ఉంటాదిలే. నేనడిగేది అది గాదు. కళ్లంలో దానికేమన్నా పోస్తారా? ఏం పని చేసిందని పోస్తారు? ఐదేండ్లు నిండని బిడ్డ. అందురూ గోనెలు నింపుకొని పోతాంటే అదొక్కటే ఒట్టి గోనె పట్టుకొని నిలబడతాదా? నువ్వే గదా చెప్పింది?"

అవునే, ఇస్తారు, దోసిళ్లతో పోస్తారు అని చెప్పొచ్చు కదా? నోరు అరిగిపోతుందా? మా నాయన చెప్పలేకపోయాడు. వాక్యంలో లేనిది చెప్పే మనిషి కాదు ఆయన. "పసిబిడ్డల మేర సంగతి నాకు దొరకలేదే," అని తల వంచుకున్నాడు. ఆ పూట నాకు ఆయన్ను చూస్తే అసహ్యమేసింది. ఆయన కొట్టం వెనక్కి పోయి నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడుస్తుంటే చూసిన తర్వాత ఆ అసహ్యం పోయింది.

ఆ వారమంతా నాయన వాక్యం తిరగేస్తూనే ఉన్నాడు. ఒక సాయంత్రం అమ్మను పిలిచి, "దప్పిగొన్నోనికి చెంబెడు చన్నీళ్లిచ్చినా సరే, ఆ ఫలం యాడికీ పోదంట. ప్రభువే చెప్పినాడు," అన్నాడు. "మన చిన్నది ఎవురికన్నా నీళ్లిచ్చే ఉంటాదే."

ఆ మాట ఎందుకు చెప్పానా అని తర్వాత ఆయనే అనుకుని ఉంటాడు. అమ్మ మరుసటి రోజే మొదలుపెట్టింది. పేటలో ఇంటింటికీ పోయి, కూలి దగ్గర, ఏట్లో చెలమల దగ్గర, దారిన పోయేవాళ్లను ఆపి అడిగింది. "మా చిన్నది మీకెప్పుడన్నా నీళ్లిచ్చిందా?" పిచ్చి పట్టిందన్నారు కొందరు. జాలిపడి, ఇచ్చిందిలేమ్మా అన్నారు కొందరు. అమ్మ ఊరుకోదు. ఏ పొద్దు ఇచ్చింది, దేంట్లో ఇచ్చింది అని నిలదీసేది. వాళ్లు నీళ్లు నమిలేవారు. "దొంగసాక్షి ఆడ నిలబడదు," అని విసవిసా వచ్చేసేది. అడిగీ అడిగీ మనిషి సగమైపోయింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నిజంగా అవునంటే చాలు, దాని గోనెలో ఒక గింజ పడుతుందని అమ్మ ఆశ.

వానలు పడి, చేలు కోతకు వచ్చినప్పుడు గాజులామె వచ్చింది. రాయచోటి వైపు సాయిబుల మనిషి. ఏడాదికి రెండు మూడుసార్లు తట్ట నెత్తిన పెట్టుకుని ఊర్లు తిరిగేది. ఊర్లో రెడ్ల ఆడవాళ్లకు తానే చెయ్యి పట్టుకుని గాజులు తొడిగేది. మా పేటకు వస్తే మాత్రం వేపచెట్టు కింద నిలబడి గాజులు అందించేది, మేమే తొడుక్కునేవాళ్లం. అది తప్పని మాకూ తోచేది కాదు, ఆమెకూ తోచేది కాదు. ఆ పొద్దు చెట్టు కింద ఆగకుండా నేరుగా మా ఇంటి ముందుకు వచ్చింది. చేతిలో చిన్న ఆకుపచ్చ గాజులు రెండు ఉన్నాయి.

"యాడ ఉండాది మీ చిన్న బేటీ?" అంది నవ్వుతూ.

అమ్మ చెప్పింది. ఆమె తట్ట దించి, "యా అల్లా" అంటూ నేల మీదే చతికిలబడింది. కళ్లనీళ్లు కారిపోతుంటే తుడుచుకోనైనా లేదు. అమ్మ అలవాటు ప్రకారం ఆమెనూ అడిగింది. "మా చిన్నది నీకెప్పుడన్నా నీళ్లిచ్చిందా?"

గాజులామె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇచ్చింది," అంది.

అమ్మ ఒక్క కేక పెట్టింది. "ఏమయ్యా! ఇచ్చిందంట! మన చిన్నది ఇచ్చిందంట!" నాయన పాఠం మధ్యలో వదిలేసి సుద్దముక్క చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చాడు. అమ్మ గాజులామె ముందు గొంతుక్కూర్చుని, అందరినీ అడిగినట్టే అడిగింది. "ఏ పొద్దు ఇచ్చింది? దేంట్లో ఇచ్చింది?"

"పోయిన ఎండాకాలం. మిట్టమద్యాన్నం. తట్ట మోసుకొని వస్తాంటే కండ్లు తిరిగి మీ ఇంటి కాడ పడిపోతి. బేటీ చెంబుతో తెచ్చి ఇచ్చింది. తాగేకొద్దీ ఇంకో చెంబు, ఇంకో చెంబు. మిగిలినవి నా తల మీద పోసింది. మీ అమ్మ యాడికి పోయిందే అంటే, జొన్నకొయ్యలు పెరకను పోయింది అని చెప్పింది. నేను మాలపేటలో నీళ్లు తాగితినని ఊర్లో తెలిస్తే ఆ రెడ్డెమ్మలు నా చేతికి చెయ్యిస్తారా? ఎవురికీ చెప్పొద్దే బేటీ, మీ అమ్మకు గూడా చెప్పొద్దు, మళ్లీ వచ్చినప్పుడు నీకు గాజులు తెస్తా అంటి. చెప్పను అని నా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టింది."

నాయన "ప్రభువా, ప్రభువా" అంటూ చేతులు పైకెత్తాడు. ఆయన ఏడుపంతా సంతోషమే. "దాని ఫలం యాడికీ పోలేదే," అన్నాడు. "నీళ్లొకటే గాదు, ఇచ్చిన మాట గూడా నిలబెట్టుకుండాది."

అమ్మకు తడి నేల గుర్తొచ్చిందని నాకు తెలిసింది, ఎందుకంటే అదే క్షణంలో నాకూ గుర్తొచ్చింది. అమ్మ తల తిప్పి పొయ్యి వైపు చూసింది. తెడ్డు అక్కడే ఉంది.

"దానికి ఉండాదిలే మేర," అంది. "ఇంగ లెక్క చెప్పల్సింది నేనే."

గాజులామెకు సంగతి తెలియదు, మేమూ చెప్పలేదు. ఆమె లేచి అమ్మ చెయ్యి పట్టుకుంది. మా పేటలో ఎవరి చెయ్యీ ఆమె పట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు. అమ్మ, "నీ మాట బయటికి పోదులేమ్మా," అంది. పోలేదు కూడా. నీళ్లు తాగినవాళ్లు దొరికారా అని పేటలో ఎవరైనా అడిగితే అమ్మ, "చెప్పను" అనేది. వాళ్లకది మామూలు మాట. నాకు మాత్రం విన్నప్పుడల్లా గోడకు ఆనుకుని నిలబడ్డ చిన్నది కనబడేది. ఇప్పుడు వాళ్లెవరూ లేరు కాబట్టి చెబుతున్నాను.

నాయన ఆ తర్వాత కళ్లం పాఠం ఎత్తలేదు. ప్రభువు క్షమిస్తాడే, క్షమించేశాడే అని అమ్మకు తాను బతికినన్నాళ్లూ చెబుతూనే పోయాడు. అమ్మ కాదనలేదు. ఆ తెడ్డు మాత్రం పొయ్యిలో పెట్టేసింది, మళ్లీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

స్వతంత్రం వచ్చిందని కడప వీధుల్లో పిల్లలు కాగితం జెండాలు పట్టుకుని పరుగెత్తిన ఏడు అమ్మ పోయింది. నేనక్కడ బడిపంతులమ్మను, అమ్మ నా దగ్గరే ఉండేది. మంచాన పడ్డాక ఒక ఉపదేశి చూడవచ్చి, "ఇన్నేండ్లు సేవ చేసినావమ్మా, నీకు గొప్ప కిరీటం సిద్ధంగా ఉండాది," అన్నాడు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన పోయాక నన్ను పిలిచింది.

"నేను ఆడికి పోతే, ప్రభువు చిన్నదాన్ని అడుగుతాడు గదా, మీ అమ్మ నిన్నెందుకు కొట్టిందే అని?"

నవ్వించాలని, "అడిగితే చెప్పేస్తాదిలే. దాని నోట్లో నువ్వుగింజ నానదు గదా," అన్నాను.

అమ్మ నవ్వలేదు.

"చెప్పదు. తెడ్డు దెబ్బలు తింటా గూడా చెప్పలేదు, దేవుడడిగితే చెప్తాదా? నన్ను కాపాడల్లని మళ్లీ గోడకు ఆనుకొని నోరు మూసుకొని నిలబడతాది. దాన్ని అట్ల నిలబెట్టకముందే నేనే చెప్పుకోవల్ల."

అన్నదే కాదు, ఎలా చెప్పుకోవాలో నా ముందు చెప్పి చూసుకుంది కూడా. మాట పడిపోయేదాకా అదే మాట, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు.

"నేనే కొడితినయ్యా. నీళ్లిచ్చినందుకు కొడితి."