కోటకొండ మీద గాలి

మాది వాకాడు దగ్గర చేపలు పట్టే పల్లె. మధ్యాహ్నం గాలి ఎటు నుంచి వీస్తే అటే సముద్రం, అదే మాకు తూర్పు. ఉదయగిరి కొండకి తూర్పున బస్సు దిగి, పైనున్న కోట చూశాం. దిగబోతే మబ్బు కమ్మింది, దారి రెండుగా చీలింది.

"గాలి మొహానికి కొడతా ఉండాది. తూరుపు ఇదే, పద!" అన్నాడు మా అన్న. నాకూ అనుమానం రాలేదు.

నడిచి నడిచి ఏదో ఊళ్లో తేలాం. గడ్డిమోపు దించుతున్న ఒకామెను బస్సెక్కడని అడిగాం.

"ఈడ బస్సేందన్నా? అది కొండకి ఆ పక్కన గదా!"

మరి ఈ గాలి ఎక్కడిది? అన్న ఆ గాలిని తిట్టని తిట్టు లేదు.

మర్నాడు మా ఒడ్డున నిలబడ్డాను. గాలి మొహానికే తగిలింది, సముద్రం ఎదురుగానే ఉంది. అయినా వెనక్కి తిరిగి, పొద్దు ఎటు వాలుతోందో చూసుకున్నాను.