దస్తగిరి చిచ్చా చేపల దానా

దస్తగిరి చిచ్చా తన చేపలకు పెట్టేది ఏదైనా ముందు తాను తినేవాడు. తిని, దాన్ని అమ్మినవాణ్ణి తిట్టేవాడు. బాగాలేకపోతే ఎందుకు బాగాలేదని తిట్టేవాడు. బాగుంటే, ఇంత మంచిది నిన్న ఎందుకివ్వలేదని తిట్టేవాడు. మక్తల్ బజారులో ఆయన తిట్లు పడని దుకాణదారు లేడు.

ఆయన అసలు పని పటాలకు అద్దాలు బిగించడం. మిగిలిన గాజు ముక్కలు అతికించి మూడు తొట్లు చేసి, రంగు చేపలు పెంచేవాడు. పేరుకు అవి అమ్మకానికే. కానీ కొనడానికి ఎవరైనా వస్తే ఆయనకు ఒళ్లు మండేది. ఒకసారి తహసీలు ఆఫీసు గుమాస్తా తన కూతురి కోసం రెండు చేపలు అడిగితే, వాటికి ఏం పెడతావని నిలదీశాడు. అన్నం మెతుకులు వేస్తానన్నాడు గుమాస్తా.

"నీళ్లల్ల కూసోని నువ్వు తింటవా అన్నం?" అన్నాడు చిచ్చా. బేరం అక్కడితో ముగిసింది.

చేపల దానా ఆయనే తయారుచేసేవాడు. గానుగలో నూనె పిండగా మిగిలిన పల్లి చెక్క, తవుడు, ఉడికించిన పాలకూర కలిపి, దంచి, సేమ్యాలా వత్తి ఎండబెట్టేవాడు. ప్రతి దశలోనూ ఒక చిటికెడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలేవాడు. తన కూరను ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఇంత శ్రద్ధగా నమల్లేదని భార్య అజీజా బేగం దెప్పేది.

"నీ కూర తినేటోనికి నోరుంది, బాగలేకుంటే చెప్తడు. చేప చెప్తదా?" అనేవాడు ఆయన.

ఎనభై ఏడులో నేను ఎం.ఏ. చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాను. కరువు. మా నేత వాడలో మగ్గాలకు నూలు లేదు. ఇళ్లలో జొన్నలు సగానికే సరిపోయేవి. మిగతా సగానికి పల్లి చెక్క పొడి కలిపి రొట్టెలు చేసేవాళ్లు. అది పశువుల మేత. అందుకని ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు. చిచ్చా చెక్క కొనే వెంకటరాజం సేటు నూనె మిల్లుకే వెళ్లి, అందరూ "బర్రెకు" అని చెప్పి కొనుక్కొచ్చేవారు. మా వాడలో పదకొండు ఇళ్లు. బర్రెలు రెండు. ఆ రెండూ ఎముకలగూళ్లే.

పంటకు పడాల్సినప్పుడు మొహం చాటేసిన వాన, దీపావళి ముందు రెండు రోజులు సేటు మిల్లు కప్పు మీద మాత్రం బాగా పడింది. చెక్క తడిసి బూజుపట్టింది. సేటు దాన్ని ఎండలో ఆరబోయించి, బూజు గీకించి, మళ్లీ మూటలు కట్టించి అమ్మాడు. ఆ వారం దస్తగిరి చిచ్చాకు పడిసెం. ఎప్పటిలాగే నమిలాడు, ఎప్పటిలాగే తిట్టాడు, కానీ నాలుకకు రుచి తెలియలేదు. పది రోజుల్లో తొమ్మిది చేపలు వెల్లకిలా తేలాయి.

పడిసెం తగ్గాక మిగిలిన చెక్క మళ్లీ నోట్లో వేసుకున్నాడు. పల్లీలు తింటుంటే ఒక్క పుచ్చు గింజ తగిలి నోరంతా చేదెక్కుతుందే, అదే చేదు. ఉమ్మేసి, మొదట తన ముక్కును తిట్టాడు. తరువాత తిన్నగా మా వాడకు వచ్చాడు.

మా చెల్లెలికి వారం నుంచి వాంతులు. రొట్టె చేదుగా ఉందని అది ఏడుస్తుంటే, జొన్నలు పాతవని అమ్మ సర్దిచెబుతోంది. చిచ్చా గుమ్మంలోనే నిలబడి చెల్లెలి వైపు, రొట్టె వైపు చూశాడు. ఆయన మొహం నల్లబడింది. వెంటనే అరవడం మొదలుపెట్టాడు.

"అక్కా, గా సేటు నా చేపల మూట తప్పిపోయి మీకిచ్చిండు. గిట్ల పట్టుకరా. మీది మీకొస్తది."

ఆరబోస్తే సరిపోతుంది కదా అని అమ్మ గొణిగింది.

"ఎండల పెడితే బూజు చస్తది గని ఇసం చావదు," అన్నాడు. పదకొండు ఇళ్లలోనూ అదే మాట, అదే అరుపు. మా పక్కింటి లీలమ్మత్త శాపనార్థాలు పెడుతూనే మూట విసిరికొట్టింది. అన్నీ తోపుడుబండి మీద వేయించి మిల్లుకు బయలుదేరాడు. మా మూట గుర్తుపట్టడానికి అమ్మ నన్ను వెంట పంపింది.

మిల్లు ముందు పల్లీలు తెచ్చిన రైతులు, నూనెకు వచ్చిన వర్తకులు నిండుగా ఉన్నారు. చిచ్చా ఒక చెక్క విరిచి సగం తాను నమిలాడు. మిగతా సగం సేటు చేతిలో పెట్టాడు.

"నేను తిన్న. ఇగ నువ్వు తిను."

సేటు తినలేదు. చేపలు తినేదానికి ఇంత రచ్చ ఎందుకన్నాడు. చిచ్చా కదలకపోవడంతో, సేటు చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా గొంతు పెంచాడు.

"గా వాడల బర్రెలు రెండే. పదకొండు మూటలు ఎవలు తింటున్నరో నన్ను చెప్పమంటవా?"

నోరున్నదాన్ని, ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని, నేనూ చేపలాగే నిలబడ్డాను.

"నా చేపలు తింటున్నయ్," అన్నాడు చిచ్చా. "నా ఇంట్ల జాగా లేక పదకొండు ఇండ్లల్ల దాచిపెట్టిన. నీకేం నొప్పి?"

జనం విరగబడి నవ్వారు. గుప్పెడు చేపలకు పదకొండు మూటలు. పిచ్చి ముదిరిందన్నారు. ఆ నవ్వులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మాత్రం వాళ్లను నవ్వనిచ్చాడు. సేటు చేతిలోని ముక్క ఇంకా అలాగే ఉంది. నవ్వు ఆగాక ఒక రైతు అడిగాడు, పిచ్చోడు తిన్నదాన్ని అమ్మేటాయన ఎందుకు తినడం లేదని. అప్పుడిక ఎవరూ నవ్వలేదు. సేటు ఆ ముక్క కింద పడేసి, మంచి చెక్క తూకం వేయించాడు. పాడైన మూటలు పల్లీలు వేయించే పొయ్యిలో కాలి బూడిదయ్యేదాకా చిచ్చా కదల్లేదు.

సాయంత్రం ఆయన ఇంటింటికీ తిరిగి మంచి మూటలు దింపాడు. అమ్మకు ఎదురుగా నిలబడే ధైర్యం లేక, గోడవైపు చూస్తూ కసిరాడు.

"గిది నా చేపల దానా. జర మీ ఇంట్ల ఉండనియ్యి. ఎక్కువ దినాలు ఉంచకు, పురుగు పడ్తది. వాడుకుంట ఉండు."

అమ్మ కూడా గోడవైపే చూస్తూ అడిగింది. "మరెప్పుడొచ్చి తీస్కపోతవ్?"

"నా చేపలకు ఆకలైనప్పుడు వస్త. గప్పటిదాక నా పానం తియ్యకుండ్రి."

ఆ ఏడాదంతా ఆయన చేపలకు ఆకలి కాలేదు.