గోడ అవతలి మగ్గి

పోయిన వారం మా అపార్ట్‌మెంటు కార్యదర్శి ఒక కాగితం తెచ్చి సంతకం చేయమన్నాడు. పక్కనున్న బడి వ్యాన్ల హారన్లతో పెద్దవాళ్ళకు నిద్ర ఉండడం లేదని ఫిర్యాదు. అది నిజమే. అయినా కలం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తమ్ముడు పోయి ఇంకా రెండు నెలలు కాలేదు. బడి, నిద్ర అనే రెండు మాటలు ఒకచోట వినేసరికి మనసు కర్ణాటకలోని మా ఊరు చింతామణికి వెళ్ళిపోయింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఊరి నడుమ బళ్ళకు ఆవరణలు ఉండేవి కావు. బజారు వెనక ఇరుకు వీధిలో మా ఇంటికీ బడికీ నడుమ ఒకటే గోడ, అది మాదో బడిదో ఎవరికీ తెలియదు. అమ్మ ఆరబోసిన రాగుల మీదుగానే పిల్లలు పరుగెత్తేవారు, కొళాయి దగ్గర గంటసేపు నిలబడి ఆమె తెచ్చుకున్న బిందెడు నీళ్ళు మధ్యాహ్నానికల్లా వాళ్ళే తాగేసేవారు, సున్నం కొట్టిన మా ముందుగోడ మీద వాళ్ళు బొగ్గుతో వేసిన లెక్కలు, తప్పులతో సహా, ఏడాది పొడుగునా ఉండేవి. అన్నిటినీ మించింది మగ్గి. ఎక్కాలను మా దగ్గర కన్నడంలో అలాగే అంటారు. సాయంత్రం బడి విడిచే ముందు పిల్లలందరూ లేచి నిలబడి ఒక్క గొంతుతో “ఎరడొంద్ల ఎరడు, ఎరడెరడ్ల నాల్కు” అని రెండో ఎక్కం అందుకుంటే మా వంటింటి గూట్లో గిన్నెలు అదిరేవి.

నాకు పదేళ్ళప్పుడు, ఆరేళ్ళ తమ్ముడికి విషమజ్వరం వచ్చింది. పది రోజులైనా దిగలేదు. కంటినిండా నిద్రపోతే గండం గడిచినట్టేనని డాక్టరు చెప్పాడు. అమ్మ కొంగు భుజాన కప్పుకుని బడికి వెళ్ళి పెద్ద మేష్ట్రు ముందు ఏడ్చింది. మర్నాటి నుంచి, బడి గంటకు బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను బంట్రోతు ముట్టలేదు. వరండా చివర తువ్వాలు ఊపితే బడి విడిచినట్టు. పిల్లలు పలకల మీద రాసి చూపి పాఠాలు ఒప్పజెప్పారు. మగ్గి లేదు. అంతమంది పిల్లలు మునివేళ్ళ మీద మా గుమ్మం దాటడం నేను చూశాను. వీధంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది.

తమ్ముడు మాత్రం కన్ను మూయలేదు. రెండో రోజు పొద్దు వాలుతుండగా అమ్మ చెయ్యి పట్టుకుని, “అమ్మా, అందరూ యాడికి పోయిరి? నేను సచ్చిపోతినా?” అన్నాడు.

అమ్మ మళ్ళీ బడికి పరుగెత్తింది, వెనకాలే నేను.

“మగ్గి చెప్పించప్పా. అది ఇనపడక నా బిడ్డ బెదురుకోని ఉండాడు.”

“ఏమమ్మా, మొన్న నోరు మూయమంటివి, ఈ పొద్దు అరవమంటాండావు. ఈ బడికి పెద్ద మేష్ట్రు నేనా, నువ్వా?” అన్నాడాయన. అంటూనే కళ్ళు తుడుచుకుని పిల్లల్ని లేపి నిలబెట్టాడు.

గిన్నెలు అదిరాయి. ఏడో మగ్గి దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు నిద్రపోయాడు.

ఇన్నేళ్ళ తర్వాత, పోయేముందు ఆస్పత్రిలో వాడు పడుకున్న అద్దాల గదిలోకి ఏ చప్పుడూ రానిచ్చేవారు కారు. రోగికి అదే మంచిదట. చివరి సాయంత్రం వాడి చెవి దగ్గర వంగి ఎరడొంద్ల ఎరడు మొదలుపెట్టాను. ఒక్క గొంతు చాలలేదు.

కాగితం మీద సంతకం చేసి ఇచ్చేశాను. తర్వాత కిటికీ తెరిచి విన్నాను. హారన్లే. బడి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. లోపల ఎక్కాలు చెబుతున్నారో లేదో వీధికి తెలియదు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చిందో బడికీ తెలియదు.