నాయన చెప్పిన బావి లెక్క

పోయిన ఆదివారం ఆరాధన నుంచి వచ్చి చెప్పులు విడిచేలోగా ఫోను టింగుమంది. ప్రార్థన మనవుల కోసం మా సంఘం వాళ్ళు ఫోనులో ఒక గుంపు పెట్టుకున్నారు. అందులో ఎవరో 'ఎమర్జెన్సీ! అందరూ మోకరించండి!' అని పెట్టారు. ఈ వయసులో నా మోకాళ్ళు నా మాట వినవు. అయినా మంచం పట్టె పట్టుకుని మెల్లగా కిందికి వంగుతూ మిగతాది చదివాను. పెళ్ళి పిండివంటల వేళకు వాళ్ళింట్లో మిక్సీ తిరగడం లేదట. వంగినదాన్ని సగంలోనే ఆగిపోయి నవ్వుకున్నాను. మా నాయన ఉంటే "బొక్కెన" అని ఒక్క మాటతో తేల్చేసేవాడు.

ఆ బొక్కెన సంగతి చెప్పాలంటే పెద్ద యుద్ధం రోజులకు పోవాలి. నాయన వడమాలపేట దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులు, ఆ పల్లె సంఘానికి ఉపదేశి కూడా. మోకాళ్ళ దాకా వచ్చే నల్లకోటు, తెల్ల తలపాగా ఆయన గుర్తు. తలపాగా లేకుండా ఆయనను అమ్మ, నేను తప్ప ఎవరూ చూసి ఉండరు. నెలకొకసారి మిషను ఆసుపత్రి నుంచి డాక్టరు దొరసాని కారులో వచ్చి స్త్రీల కూటం జరిపేది. ఆమె ఇంగ్లీషులో ప్రసంగిస్తే నాయన పక్కన నిలబడి తెలుగులో చెప్పేవాడు. దొరసానికి తెలుగు రాకపోలేదు గానీ, అది బల్ల ముందు కూర్చుని నేర్చుకున్న తెలుగు. ఒకసారి ఆమె యుద్ధం గురించి, కరువు గురించి, జబ్బుల గురించి చెబుతూ రకరకాల ఇంగ్లీషు మాటలు వాడింది. నాయన అన్నిటికీ 'కష్టం' అనే చెప్పుకుంటూ పోయాడు. ఆమె ప్రసంగం ఆపింది. "పంతులుగారూ, నేను ఐదు మాటలు ఇచ్చితిని. మీరు ఒకే మాటను ఐదు పర్యాయములు తిరిగి ఇచ్చితిరి" అంది. కూటం గొల్లుమంది. నాయన కూడా నవ్వాడు గానీ ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. వాక్యం పంచేవాడు తక్కువ తూచకూడదని ఆయన పట్టుదల.

తర్వాత కొన్నాళ్ళు ఆయన తీరిక దొరికినప్పుడల్లా బడి వెనక బావి గట్టు మీద కూర్చుని తనలో తాను గొణుక్కునేవాడు. మాకు భయం వేసింది కూడా. చివరికి ఒక బుధవారం సాయంత్రం ప్రార్థన కూటంలో లేచి, దొరల భాషలో కష్టాలన్నీ మన బావి దగ్గరే ఉన్నాయని మొదలుపెట్టాడు. బొక్కెన తాడు తెగి బావిలో పడిందనుకోండి, అది డిఫికల్టీ, కొక్కెం వేసి తీసుకోవచ్చు. బొక్కెన కోసం దిగినవాడు సగం మెట్ల దగ్గర బిగుసుకుపోయి పైకీ రాలేక, కిందికీ పోలేక నిలబడితే వాడిది ప్రెడికమెంట్. (అంతకు ముందటేడు మా చిన్నాన్న పడిన అవస్థే అది. అందరూ ఆయన వైపు తిరిగి చూశారు.) ఇంట్లో పొయ్యి మీద ఎసరు ఇగిరిపోతుంటే నీళ్ళు అర్జెంటు. పసిబిడ్డ గట్టు మీదికెక్కి లోపలికి వంగిందా, అది ఎమర్జెన్సీ. అప్పుడు పేరు పెట్టడం కాదు, పరుగెత్తడమే పని. ఎండల్లో ఊట సన్నగిల్లి, ఈ వారం వాన పడితే ఊరు నిలుస్తుంది, లేకుంటే లేచిపోతుంది అన్నట్టు అటో ఇటో తేలే ఘడియ వస్తే దాన్ని క్రైసిస్ అంటారు. ఇక బావి ఎండిపోయి, కుండలు నెత్తిన పెట్టుకుని ఊరు విడిచి నడిచే వాళ్ళ స్థితి ప్లైట్. ఈ చివరిది చెప్పేటప్పుడు నాయన గొంతు తగ్గింది. కరువులో అలా నడిచొచ్చిన కుటుంబాలు ఆ కూటంలోనే కూర్చుని ఉన్నాయి.

ఇంగ్లీషు మాటలు ఎవరికీ గుర్తుండలేదు. బావి మాత్రం అందరికీ పట్టుకుంది. అప్పటి నుంచి మా సంఘంలో ప్రార్థన మనవులు బావి లెక్కలోనే వచ్చేవి. "అయ్యగారూ, నాది బొక్కెనే, నిదానంగా సేయండి" అని ఒకరు, "నేను మెట్ల కాడ ఉండా" అని ఇంకొకరు. దొరసానికి కూడా ఈ లెక్క తెలిసి, ముచ్చటపడి నేర్చుకుంది. అయితే దీన్ని పూర్తిగా పాడుచేసింది మా మేనత్త, నాయనకు అక్క. ఆమెకు జీవితంలో ఏది జరిగినా బిడ్డ వంగినట్టే.

"ఒరే అబ్బయ్యా, నా నల్లకోడి కనబళ్ళేదు. బిడ్డ వంగింది, ప్రార్థన సెయ్!"

"అక్కా, కోడి పోతే బొక్కెన."

"నీకు బొక్కెనరా! ఆ కోడి నీ సేతిలో పెరిగిందా, నా సేతిలో పెరిగిందా?"

అమ్మది దీనికి పూర్తిగా ఎదురు. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా, "నాదేముండాది, బొక్కెన గూడా గాదు" అనేది. నాయన ఆమె కోసం ఎప్పుడూ పెద్ద ప్రార్థన చేయలేదు. ఆమె అడగలేదు మరి.

యుద్ధం ముదిరాక పెట్రోలు కొలిచి ఇచ్చేవాళ్ళు. ఎమర్జెన్సీ అయితే తప్ప తన కారును ఎవరూ అడగవద్దని దొరసాని చెప్పింది. దాన్ని తెలుగులో చెప్పింది నాయనే. బొక్కెనకూ తాడుకూ ఎద్దులబండి ఉందని, కారు గట్టు మీద వంగిన బిడ్డకు మాత్రమేనని ఆయనే వివరించాడు.

ఆ తర్వాతి స్త్రీల కూటం నాడు అమ్మ ప్రార్థన గుడికి రాలేదు. ఆమెకు నెలలు నిండడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. కూటం ముగిసి అందరూ దొరసాని చుట్టూ మూగితే, నేను నాయన వేలు పట్టుకుని ఇంటికొచ్చాను. అమ్మ పంచలోని స్తంభాన్ని రెండు చేతులా కావలించుకుని కూర్చుని ఉంది. ముఖం మీద చెమట.

"ఏమైంది?" అన్నాడు నాయన.

"ఏం లేదు, పొద్దున్నుంచి నడుము లాగతా ఉండాది."

నాయన తలపాగా తీసి పక్కన పెట్టి ఆమె ముందు చతికిలబడ్డాడు. గుడి వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఊరందరికీ కారు అడగవద్దని చెప్పి తన ఇంటికి తానే అడిగితే ఏమంటారోనని ఆయన గుంజాటన. "బండి కట్టిస్తా. కొంచెం ఓర్సుకుంటావా?" అన్నాడు.

అమ్మ కళ్ళు మూసుకుని ఒక నొప్పిని దాటనిచ్చింది. తర్వాత చాలా మెల్లగా అంది: "సూడండి, మీ లెక్కలోనే సెప్తా. నేను ఎప్పుడూ బొక్కెననే అన్నా గదా. ఇప్పుడు బిడ్డ వంగింది."

నాయన లేచి పరుగెత్తాడు. తలపాగా లేదు, చెప్పులు లేవు. వెనకే నేను. కారు అప్పుడే కదులుతోంది. ఆయన రెండు చేతులూ చాచి దాని ముందు నిలబడ్డాడు. దొరసాని తల బయటపెట్టి, "ఏమి సంభవించెను?" అంది. అన్ని ఇంగ్లీషు మాటల మధ్య తేడా తెలిసిన మా నాయనకు అప్పుడు ఒక్క మాటా రాలేదు, ఇంగ్లీషుదీ రాలేదు, తెలుగుదీ రాలేదు. నోరు తెరిచి, చెయ్యి ఇంటివైపు చూపించి నిలబడిపోయాడు.

గుంపులోంచి మేనత్త గావుకేక పెట్టింది: "అమ్మా, బిడ్డ వంగింది! బిడ్డ వంగింది!"

దొరసాని ముందు మేనత్తను చూసింది. కోడి కథ ఆమెకూ తెలుసు. తర్వాత నాయన ఉత్త తలను చూసింది. వెనక తలుపు తెరిచి, డ్రైవరుకు మా ఇంటి దారి చూపించింది.

బిడ్డ అడ్డం తిరిగి ఉందట. ఎద్దులబండిలో పోయి ఉంటే ఇద్దరిలో ఒక్కరూ దక్కేవాళ్ళు కాదని దొరసాని తర్వాత చెప్పింది. ఆ బిడ్డ మా తమ్ముడు. చిత్తూరులో ఇప్పుడు మనవలతో మామిడితోటల కబుర్లు చెప్పుకుంటూ ఉన్నాడు. అమ్మ తిరిగొచ్చిన ఆదివారం మేనత్త తన నల్లకోడిని కానుకగా తెచ్చి గుడి స్తంభానికి కట్టింది. (అది తప్పిపోయిన మర్నాడే గూటికొచ్చింది, ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.) నాయన స్తుతి చెల్లిస్తున్నంతసేపూ అది అరుస్తూనే ఉంది. "ఊరికే ఉండమను అక్కా" అంటే, "దాని మనవి అది సెప్పుకుంటా ఉండాది, నీకేమిరా?" అంది. ఆ రోజు నుంచి ఆమె చెప్పే ఏ మనవినీ నాయన తగ్గించి తూచలేదు. అమ్మ 'ఏం లేదు' అంటే మాత్రం చేతిలో పని వదిలేసి దగ్గరికి పోయి కూర్చునేవాడు.

నాకూ ఆ అలవాటే వచ్చింది. మిక్సీ కోసం మంచం మీదే కూర్చుని ఒక మాట ప్రార్థించి, ఫోను పక్కన పెట్టబోయాను. కింద ఇంకొక మనవి ఉంది. కొత్తగా మా వీధికి వచ్చిన అమ్మాయిది. 'ఏం లేదు అమ్మగారూ, వీలైతే నన్ను గుర్తు చేసుకోండి' అని చిన్న అక్షరాలతో ఉంది. నేను చెప్పులేసుకుని చేతికర్ర అందుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ బావి పూడిపోయింది, బడి పోయింది, నాయన తలపాగా కట్టే తీరు కూడా నాకు సరిగా గుర్తు లేదు. గట్టు మీద వంగిన బిడ్డ మాత్రం ఇంకా వంగే ఉంది, కాలం మారుస్తున్నది పరుగెత్తేవాళ్ళనే.