పాల ల్యాబుకు ఆరడుగుల గ్రాడ్యుయేటు

ఆ రోజుల్లో ఏమీ తెలియని విషయం మీద ఎంత గట్టిగా మాట్లాడితే అంత తెలిసినట్టు లెక్క. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. సౌదీలో అల్ ఖర్జ్ దగ్గర ఒక పెద్ద డెయిరీలో హెచ్.ఆర్. ఆఫీసు క్లర్కుని. ఎడారి మధ్యలో వేల ఆవులు ఫ్యాన్ల కింద, నీటి తుంపర్ల కింద దర్జాగా నెమరేస్తుంటే, వాటి సేవకు వచ్చిన మేం రేకుల గదుల్లో ఉండేవాళ్లం. (చల్లగాలి మాకంటే ముందు ఆవులకే అందింది. పాలిచ్చేది అవే కదా!) క్యాంపులో మెస్సుకూ గడ్డి షెడ్డుకూ మధ్య ఫిలిప్పీన్స్ వాళ్లు సొంతంగా వేసుకున్న బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. కబడ్డీ, వాలీబాల్ తప్ప ఎరగని జగిత్యాల వాళ్లం మేము. మొదటి శుక్రవారం ఆట చూసి మా చాయ్ మామ (మెస్సులో చాయ్ పెట్టే పెద్దమనిషి, క్యాంపుకంతా మామే) "గా బుట్టకు అడుగే లేకపాయె, బంతి ఎట్ల నిలుస్తదిరా? ఎవలన్న కుట్టియ్యరాదు!" అని జాలిపడ్డాడు. ఆరు నెలలు తిరిగేసరికి అదే మామ గ్లాసులు కడుగుతూ "మనోళ్లు డిఫెన్సు ఇడిసిపెట్టిన్రు" అని పెదవి విరిచే స్థాయికి ఎదిగాడు. మేమంతా ఆయన శిష్యులమే.

అప్పటికే సౌదీవాళ్లకు కొలువులివ్వాలనే నితాఖత్ రూలు నడుస్తోంది, దాని వెనకే విదేశీయుల మీద లెవీలు వచ్చాయి. సరిపడా సౌదీ ఉద్యోగులున్న కంపెనీ పచ్చ, లేనిది ఎరుపు. ఎర్ర కంపెనీలో పనిచేసేవాడికి ఇఖామా (అక్కడ ఉండనిచ్చే కార్డు) రెన్యువల్ కాదు. అయితే పచ్చ కంపెనీ ఏదైనా పిలిస్తే, పాత కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒప్పుకోకపోయినా అందులోకి మారిపోవచ్చు. కుటుంబాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్ల మీద తలకింత అని ఫీజు పడేసరికి మా క్యాంపు జట్టు కెప్టెన్, కూలింగ్ మెకానిక్ కుయా (ఫిలిప్పీన్స్ వాళ్ల భాషలో అన్న అని అర్థం), భార్యాబిడ్డలతో ఎగ్జిట్ మీద సొంత దేశానికి వెళ్లిపోయాడు. బుట్ట కింద నిలబడి బంతి అందుకునే మనిషి లేకుండాపోయాడు. రెండు నెలల్లో పక్కనున్న కోళ్ల ఫారం క్యాంపుతో పోటీ.

సరిగ్గా అప్పుడే మా పాల ల్యాబులో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. కొత్త వీసాలు లేవు, ట్రాన్స్‌ఫర్ మీద ఎవరినైనా తీసుకోవాలి, పైగా సైన్సు డిగ్రీ ఉండాలి. ఈ ముక్క ఆఫీసులో టైపు చేసి ఊరుకోకుండా సాయంత్రం చాయ్ దగ్గర వాగాను. అంతే, మామ కళ్లు మెరిశాయి. ఆ రోజునుంచి మెస్సు వెనక బెంచీ మీద సభ మొదలైంది. అర్హతలు మూడు: డిగ్రీ ఉండాలి, ఎత్తుండాలి, కంపెనీ ఎరుపులో ఉండాలి. పేర్లు తెచ్చేవాడు మా క్యాంపు ప్లంబర్ బావ (ఈయన అందరికీ బావే), కొట్టేసేవాడు మామ.

"సిమెంటు కంపెనీల ఒకడున్నడు మామా, తాటిచెట్టు లెక్క."

"సదువు?"

"పది ఫేల్."

"ఆవులేం అడగయి గని ఆఫీసోళ్లు అడుగుతరు. ఇంకోడు?"

"ఎమ్మెస్సీ ఉన్నడు, రియాద్ రోడ్డు మీద."

"ఎత్తు?"

బావ చెయ్యి తన భుజం దగ్గర పెట్టి చూపించాడు. మామ మొహం చూసి మెల్లగా ఇంకో జానెడు పైకి జరిపాడు.

అలా వారం గడిచాక దొరికాడు మీనార్ భాయ్. కడప మనిషి, ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్ కీపరు. ఆట చూడ్డానికి వచ్చేవాడు. ఒక శుక్రవారం బంతి దొర్లుకుంటూ ఆయన కాళ్ల దగ్గరకొస్తే ఒంటిచేత్తో అందుకుని, గీత అవతలి నుంచే ఊరికే విసిరాడు. అది బుట్టలో పడింది, అంచు కూడా తాకలేదు. మామ చేతిలో చాయ్ గ్లాసు ఒరిగిపోయింది. వాకబు చేస్తే బీఎస్సీ కెమిస్ట్రీ, కాలేజీ టీములో ఆడాడు, కంపెనీ కొత్తగా ఎరుపులో పడింది. (పాపం ఆ కంపెనీ పడిపోయిందని మేం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.) మర్నాడే ఆయన దరఖాస్తు తయారుచేశాను. ఫారంలో 'ఎత్తు' అనే గడి లేదు. స్కేలు పెట్టి నేనే గీసి, ఆరడుగుల మూడంగుళాలు అని నింపి పంపేశాను.

ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రం మీనార్ భాయ్ మా బెంచీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"మీకొక మాట చెప్పల్ల. కాలేజీలో ఆడినా, నిజమే. ఇప్పుడు మోకాలు పోయినాది, పరిగెత్తలేను. ఆట కోసరం నన్ను తీసుకుంటాండారని తెలిసింది. రేపు మీరు మోసపోయినామనుకోకూడదు. అందుకే ముందే చెప్తాండా."

బావ నావైపు చూశాడు, నేను మామవైపు చూశాను. మామ ఆయనకు చాయ్ అందించి, "ఇఖామా ఎన్ని దినాలుంది?" అని అడిగాడు.

"మూడు వారాలు."

"ఆట ఎట్లనన్న ఓడుతం తియ్. మనిషి ఆగం కావద్దు. పొద్దుగాల మంచిగ ఇస్త్రీ అంగి ఏసుకొని పో."

మర్నాడు ముదీర్, అంటే మా సౌదీ మేనేజరు, దరఖాస్తును అటూ ఇటూ తిప్పి నన్ను పిలిచాడు. "ఎత్తు ఎందుకు రాశావు? మా ఆవులేమైనా పొడవు పెరిగాయా?"

"పై అరలో సీసాలుంటాయి సార్," అన్నాను.

మీనార్ భాయ్ కుర్చీలోంచి లేచాడు. "ఈ పిల్లోళ్లు నన్ను బాస్కెట్‌బాల్ కోసం కోరుకున్నారు సార్. నేను ఆడలేను. వాళ్లకూ చెప్పాను. పాల పరీక్ష మాత్రం చేయగలను, పెట్టి చూడండి," అని ఇంగ్లిషులో స్పష్టంగా అన్నాడు. నాకు నేల చీలితే దూరిపోదామనిపించింది. ముదీర్ నవ్వలేదు. ల్యాబు నుంచి రెండు సీసాల పాలు తెప్పించాడు. మీనార్ భాయ్ వాసన చూసి, లాక్టోమీటర్ ముంచి, రెండో సీసా పక్కకు జరిపాడు. "ఇందులో నీళ్లు కలిశాయి."

"నేనే పోయించాను," అన్నాడు ముదీర్, సంతకం పెడుతూ. తర్వాత నావైపు తిరిగాడు. "ఆట ఏ శుక్రవారం?"

ట్రాన్స్‌ఫర్ అయింది. పాత కంపెనీ వాళ్లు బిర్యానీ వండి మరీ ఆయన్ని సాగనంపారు. మీనార్ భాయ్ పరిగెత్తలేదు, కాని రోజూ డ్యూటీ దిగాక కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, ఫౌలు పడినప్పుడు నిలబడి వేసే త్రో ఒక్కటే పట్టుపట్టి నేర్పాడు. "తొందరెందుకు? బుట్ట యాడికీ పోదులే," అనేవాడు. పోటీ రోజు ముదీర్ నిజంగానే వచ్చి మా మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. మేం ఓడిపోయాం. అయితే కోళ్ల ఫారం వాళ్లు ఫౌలు చేసిన ప్రతిసారీ వణికేలా ఓడిపోయాం. ఆట అయ్యాక వాళ్ల కెప్టెనే వచ్చి మీనార్ భాయ్ చేతులు పట్టుకుని, మీరు మా కంపెనీకి వస్తారా అని అడిగాడు. మామ గర్వంతో ఇంతెత్తున లేచి, "మాది పచ్చ కంపెనీరా, మావోడు రాడు!" అని తెలుగులోనే కసిరాడు. ఆ కెప్టెను శ్రీలంక మనిషి. అయినా సంగతి అర్థమై వెనక్కి తగ్గాడు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఉంటున్నాను, జుట్టు పలచబడింది. మొన్న మా అబ్బాయి ఫోన్‌లో ఏదో అమెరికా కాలేజీ ఆట చూస్తూ, "ఇతను డిగ్రీ అయిపోయాక వేరే కాలేజీ నుంచి మారి వచ్చాడు నాన్నా, ఫ్యాన్సంతా ఇతని గురించే వాదించుకుంటున్నారు," అన్నాడు. పక్కన కూర్చుని కాసేపు శ్రద్ధగా చూసి, "పాత కాలేజీవాళ్లు బిర్యానీ వండి సాగనంపారా?" అని అడిగాను. వాడు నన్నోసారి ఎగాదిగా చూసి మళ్లీ ఆటలో పడ్డాడు. నేను మాత్రం ఆ ఆటగాడి ముఖమే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను, నాకు బాగా తెలిసినవాడిలాగా.