లాభం తర్వాత రెండు

మొన్న ఆదివారం ఘాజియాబాద్‌లోని మా ఫ్లాట్‌లో మనవరాలు లెక్కల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. మూడు ఆవులు, రెండు దూడలు, మొత్తం ఎన్ని అని బొమ్మలు. ఈ పద్ధతి ఈ ఊళ్ళో మొదట పెట్టింది మీ తాతే తెలుసా అన్నాను, మీసం దువ్వుకుంటూ. అది "అచ్ఛా?" అని కళ్ళు పెద్దవి చేసిందో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "ఆ లాభం సంగతి కూడా చెప్పండి మరి. సగం చెబితే పిల్ల సగమే నేర్చుకుంటుంది."

అదంతా హిందీలో చెప్పే శక్తి నాకు లేదు గనుక, నా యీడువారైన మీకు చెబుతున్నాను.

పెళ్ళయిన కొత్తలో నేనిక్కడ ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాను. ఆవిడ మా వీధి చివర చిన్నపిల్లల బడిలో చేరింది. ఆరు నెలలయ్యాక పెద్ద మేడమ్ వచ్చి ఒక పాఠం వింటుంది. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికి. ఢిల్లీ బండి ఎక్కిన రోజే ఆవిడ నాతో అంది, తనకు చీరలూ నగలూ అక్కర్లేదు, తనదంటూ ఒక నల్లబల్ల కావాలని.

పిల్లలకు అంకెలు పలక మీద ఎక్కడం లేదని ఆవిడ దిగులుపడుతుంటే నేను రంగంలోకి దిగాను. మాకు నలభై ఎకరాల మాగాణి, కళ్ళంలో ధాన్యం కొలిచింది నేనే, సేద్యంతో లెక్కలెలా చెప్పాలో చూపిస్తానన్నాను. నలభై అన్నానా? నాలుగు. అవీ మా మేనమామవి. మా నాన్న బట్టలు కుట్టేవాడు. నేను కొలవలేదు, గట్టు మీద కూర్చుని జామకాయ తింటూ చూశాను.

ఒక శనివారం గోధుమల సంచీ, స్టీలు గ్లాసు పట్టుకుని బడికి వెళ్ళాను. మనవైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు కదా, శుభమని లాభం అంటారు, తర్వాతే రెండు, మూడు. అదే నేర్పాను. "లాభ్, దో, తీన్" అని పిల్లలు పాటలా అందుకున్నారు. చిన్నపిల్లలు కదండీ, ఒకటి అనే చెప్పండని ఆవిడ గొణిగితే, రైతుబిడ్డకు నువ్వు చెప్పాలా అన్నాను.

మేడమ్ వచ్చిన రోజు సెలవు పెట్టి బడి కిటికీ కింద నక్కాను. మా ఆవిడ ఒక బంగాళాదుంప చూపి ఎన్ని అని పిల్లల్ని అడిగింది. తరగతి మొత్తం "లాభ్" అంది. ఏక్ ఎక్కడికి పోయిందని మేడమ్ గద్దిస్తే, బొటనవేలంత పిల్ల ఒకతె లేచి సర్దిచెప్పింది. "ఖేత్ మే ఏక్ నహీ హోతా, మేడమ్." పొలంలో ఒకటి అనేదే ఉండదట. ఇది నేర్పిందెవరని మేడమ్ అడిగింది. మా ఆయన అని ఒక్క మాటంటే మా ఆవిడ బయటపడేది. నేనే నేర్పాను అంది.

అని ఊరుకోలేదు. పిల్లల్నీ మేడమ్‌నీ బడి వెనక పాలవాడి పాకలోకి నడిపించింది. ఒక గేదెను చూపి ఎన్ని అని ఆ పిల్లనే అడిగింది. లాభ్. పక్కన దూడను నిలబెట్టింది. దో. దూడను తోలేసింది. ఇప్పుడెన్ని మిగిలాయి? మేడమ్ గడియారం చూసుకుంది. పాక గోడ వెనక చేరిన నేను, అరవకుండా నా చొక్కా కాలర్ కొరుక్కుంటున్నాను. మా ఆవిడ మాత్రం జవాబు అందించలేదు, కనుబొమ్మ కూడా కదపలేదు. పిల్ల రెండు వేళ్ళు చాపింది, వెళ్ళిపోతున్న దూడను చూసి ఒక వేలు ముడిచింది, మిగిలిన వేలిని చాలాసేపు చూసుకుంది. "ఏక్. దీదీ, లాభ్ భీ ఏక్ హీ హై." లాభం కూడా ఒకటేనని తనంతట తనే కనిపెట్టేసింది. మేడమ్ పుస్తకం మూసి, రేపు వచ్చి ఉద్యోగం కాగితం తీసుకో అంది.

నా గోధుమల వల్లే ఆ ఉద్యోగం వచ్చిందని ఇన్నేళ్ళూ చెప్పుకుతిరిగాను. నా గోధుమల వల్ల పోబోయింది, ఆవిడ మౌనం వల్ల నిలిచింది. ఆ లాభం నేర్పిందెవరో ఇవాళ్టికీ ఆవిడ బయటి మనిషికి చెప్పలేదు, నేనే చెబుతున్నాను.

ఆ పాక ఉన్నచోట ఇప్పుడు కార్లు ఆపుకుంటున్నారు. నేటి పిల్లలు చురుకైనవాళ్ళే, పంతుళ్ళూ చదువుకున్నవాళ్ళే, కాదనను. కాని ఒక పసిదాని నోట జవాబు పండేదాకా, తన కోరిక గాలిలో ఊగుతున్నా సరే, అలా నిలబడి ఎదురుచూసే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు. నాకైతే అప్పుడూ లేదు.